నర్సింగ్ పాఠాలు ఆన్‌లైన్‌లో: గుంటూరులో ఐదేళ్లు చెప్పాక నాకనిపించింది

గుంటూరులో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన దగ్గర్నుంచి ఏదో ఒక రకంగా ఆన్‌లైన్‌లో చెప్తూనే ఉన్నా, అందుకే రాస్తున్నా.

మొదట్లో మా స్టాఫ్ రూములో ఇది ఎవరికీ ఇష్టం లేదు. మా సీనియర్ మేడమ్ అయితే "పేషెంటు ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా నర్సు ఎట్టా అవుద్దమ్మా" అనేవారు. నా భయం వేరు, ఎదురుగా మొహాలు లేకపోతే పిల్లలకి అర్థమైందో లేదో ఎట్టా తెలుస్తుంది అని. డేటా అయిపోద్దని అందరూ కెమెరాలు ఆపేసేవాళ్లు, ఫ్రీ అకౌంట్ కాబట్టి 40 నిమిషాలకి మీటింగ్ కట్టయ్యేది, మాచర్ల వైపు పిల్లలు సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూర్చునేవాళ్లు.

నా మనసు మార్చింది రికార్డింగులు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకి ఇంగ్లీషు పాఠం ఒక్కసారి వింటే ఎక్కదు, అడగటానికి సిగ్గు. ఎలక్ట్రోలైట్స్ (ఒంట్లో ఉండే సోడియం, పొటాషియం లాంటి లవణాలు) పాఠం తెలుగు కలిపి చెప్పి గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెట్టా. క్లాసులో ఏనాడూ నోరు విప్పని అమ్మాయి అది నాలుగుసార్లు విని, రాత్రి పదింటికి మెసేజ్ పెట్టింది, "మేడమ్, పొటాషియం క్లోరైడ్ సెలైన్‌లో కలిపి నిదానంగా ఎక్కిస్తారు కదా, నేరుగా సిరంజితో నరంలోకి ఐవీ పుష్ ఇస్తే గుండె ఎందుకు ఆగిపోద్ది?" అని. ఆ ప్రశ్న ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినన్నాళ్లూ నాకు ఎవరి దగ్గర్నుంచీ రాలేదు.

కానీ అదే బ్యాచ్ తర్వాత వార్డుకొచ్చినప్పుడు ఒక పిల్ల ఇంజెక్షన్ స్టెప్స్ అన్నీ గడగడా అప్పజెప్పింది, కండకిస్తే 90 డిగ్రీలు అని కూడా చెప్పింది, తీరా యాంప్యూల్ (మందుండే చిన్న గాజు సీసా) చేతికిస్తే దాని మెడకి గాజ్ గుడ్డ చుట్టకుండా తన వైపుకే విరిచింది, బొటనవేలు తెగి గ్లవ్ లోపలంతా రక్తం. వీడియోలో అది పదిసార్లు చూసిన పిల్లే, చేత్తో విరవటం మాత్రం అదే మొదటిసారి. తప్పు ఆ పిల్లది కాదు, మాది. సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కటం) కూడా అంతే, నిమిషానికి 100 నుంచి 120 అనే వేగం ఫోన్లో టిక్కు టిక్కు మని పెట్టుకుని ఇంట్లో దిండు మీద ప్రాక్టీస్ చేయొచ్చు, 5 సెంటీమీటర్లు ఛాతీ లోపలికి దిగటానికి ఎంత బలం పెట్టాలో డమ్మీ మీద నొక్కితే తప్ప తెలీదు.

ఇప్పుడు నేను థియరీ ముందు రోజే వీడియో పెట్టేసి క్లాసు టైమంతా ల్యాబ్‌లో వాడుతున్నా, ఇది బాగా పనిచేస్తోంది. ఒక్క బాధ ఏంటంటే 15 నిమిషాల వీడియోకి నాకు మూడు గంటలు పడుద్ది, ఆ మూడు గంటలు ఏ టైమ్‌టేబుల్లోనూ ఉండవు. ఆన్‌లైన్ అంటే మొహం ముడుచుకునే టీచర్లని పాతకాలం వాళ్లంటారు గానీ, నేను చూసినవాళ్లలో చాలామందికి ఇష్టం లేక కాదు, టైమ్ లేక.

మా సీనియర్ మేడమ్ కూడా పోయినేడాది బెడ్ మేకింగ్ వీడియో చేశారు. దుప్పటి మూలలు మడవటం దగ్గరగా చూపించి, చివర్లో "రేపు పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్‌కి రండి, మీ మడతలు నేను చూడాలి" అన్నారు.