షికాగో పద్ధతా, వెస్ట్ వర్జీనియా పద్ధతా?

ఉపాధ్యాయ ఉద్యమం సంఘం ఆఫీసులో మొదలవ్వాలా, స్టాఫ్‌రూమ్‌లోనా? అమెరికాలో జరిగిన రెండు సమ్మెలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

షికాగోలో ముందు సంఘాన్నే మార్చారు. 2010లో టీచర్ల సంఘం ఎన్నికల్లో గెలిచిన కేరెన్ లూయిస్ వర్గం నాయకుల జీతాలు తగ్గించి, సభ్యులను కూడగట్టడానికే ఒక విభాగం పెట్టింది. బడి బడికీ కమిటీలు వేసింది. సమ్మెకు 75 శాతం మంది ఒప్పుకోవాలని చట్టం మెలిక పెడితే, 2012లో దాదాపు 90 శాతం మంది సరేనన్నారు. నాకు బాగా నచ్చింది చివరి ఘట్టం. ఒప్పందం ముసాయిదా చేతికొచ్చినా సంఘం ప్రతినిధులు వెంటనే తలూపలేదు. రెండు రోజులు ఆగి, బడుల ముందు పికెటింగ్ దగ్గరే ఆ కాగితాలు సభ్యులతో కలిసి చదివారు. తర్వాతే విరమణ.

వెస్ట్ వర్జీనియాలో చట్టం సమ్మె హక్కే ఇవ్వలేదు. 2018లో ఆరోగ్య బీమా ఖర్చుల మీద కోపం ఫేస్‌బుక్ గ్రూపులో రాజుకుని రాష్ట్రంలోని 55 కౌంటీల్లోనూ (మన జిల్లాల్లాంటివి) బడులు మూయించింది. సంఘాల నాయకులు గవర్నర్‌తో రాజీ కుదిరిందని చెప్పినా టీచర్లు ససేమిరా అన్నారు. జీతాల్లో 5 శాతం పెంపు చట్టమయ్యాకే కదిలారు.

ఊపులో రెండోదే మిన్న, సందేహం లేదు. అయినా నా ఓటు షికాగోకే, ఎందుకంటే ఊపు తగ్గాక కూడా నిలబడే సంఘం కావాలి. వెస్ట్ వర్జీనియా టీచర్లు 2019 ఫిబ్రవరిలో మళ్లీ సమ్మె చేసి చార్టర్ స్కూళ్ల (ప్రభుత్వ డబ్బుతో స్వతంత్రంగా నడిచే బడుల) బిల్లును ఆపారు. జూన్‌లో, వేసవి సెలవుల్లో, అలాంటిదే ఇంకో బిల్లు పాసైపోయింది.