సున్నపురాయి క్వారీలో కొత్త టిప్పర్: వారంటీ దాటాక నా అనుభవం

దామరచర్ల మండలంలో వాడపల్లి వైపు సున్నపురాయి క్వారీలో నా పది టైర్ల బీఎస్6 (కాలుష్య ప్రమాణం) టిప్పర్ నడుస్తోంది. వారంటీ అయిపోయింది. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు, ఆయిల్ తాగడం లేదు. లాగుడుకు, గేర్‌బాక్స్‌కు పూర్తి మార్కులు ఇస్తాను. క్యాబిన్ ఏసీ మాత్రం మే నెల ఎండలకు చాలదు. ఇదే మోడల్ కొన్న మా తెలిసినాయన బండి ఏడాది తిరగకముందే నీలం పొగ పట్టింది, అంటే ఆయిల్ తాగుతోందన్నమాట. తేడా అంతా మొదటి కొన్ని నెలల వాడకంలోనే ఉంది.

క్వారీ బండి కిలోమీటర్లు తక్కువ, గంటలు ఎక్కువ తిరుగుతుంది. బెంచి (రాయి తవ్వే మెట్టు) నుంచి క్రషర్ ఎంతో దూరం ఉండదు. కానీ ప్రొక్లైన్ దగ్గర లైన్లో ఉన్నంతసేపూ, రాయి దించడానికి జాక్ లేపినంతసేపూ ఇంజిన్ ఆడుతూనే ఉంటుంది. కిలోమీటర్లు చూసి మొదటి సర్వీసుకు టైముందిలే అనుకుంటే అప్పటికే ఆయిల్ పని అయిపోతుంది. మిర్యాలగూడలో మా మెకానిక్ మొదటిరోజే చెప్పాడు: "అన్నా, కిలోమీటర్లు మర్చిపో, గంటలు రాసుకో." మాన్యువల్‌లో గనుల పనికి వేరే సర్వీసు పట్టిక ఉంటుంది. డెలివరీ ఇచ్చేటప్పుడు దాని మాటే ఎత్తలేదు, అది నాకు ఇప్పటికీ కోపం.

కొత్త ఇంజిన్‌ను మరీ మెత్తగా నడపాలనేది తప్పు. పిస్టన్ రింగులు లైనర్‌కు (పిస్టన్ ఆడే గొట్టానికి) సర్దుకోవాలంటే ఓ మోస్తరు లోడు కావాలి. గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేస్తే లైనర్ నున్నబడి, తర్వాత ఆయిల్ తాగడం మొదలవుతుంది. అలాగని ర్యాంపు మీద ఫుల్ లోడుతో పెద్ద గేరులో ఈడ్చినా ముప్పే. మొదట్లో లోడు కాస్త తగ్గించి, గేర్లు మారుస్తూ, ఒకే ఆర్‌పీఎం పట్టుకోకుండా నడిపించాను. ఎక్కుడు ఎక్కి వచ్చాక వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగులకు మంచిది.

అందరూ ఇంజిన్ ఆయిల్ గురించే మాట్లాడతారు. నేను గేర్‌బాక్సు, క్రౌన్ (వెనక యాక్సిల్ గేర్లు), హబ్బుల ఆయిల్ గురించి గట్టిగా చెబుతాను. కొత్త గేర్లు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు సన్నని ఇనుప రజను రాలుతుంది. మొదటిసారి ఆయిల్ దించినప్పుడు అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గుకు బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. అది మామూలే. గుచ్చుకునేంత ముక్కలు వస్తేనే టెన్షన్ పడాలి. ఆ మొదటి ఆయిల్‌ను అలాగే ఉంచితే ఆ రజనే మళ్ళీ బేరింగుల్లోకి పోతుంది.

బోల్టులు ఇంకా ముఖ్యం. కొత్త బండికి హబ్బుకీ డిస్కుకీ మధ్య పెయింటు ఉంటుంది. అది అణిగితే వీల్ నట్ల బిగువు తగ్గుతుంది. కమాన్ కట్టలను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కూడా అంతే, అవి వదులైతే ముందు తెగేది కట్ట మధ్యలోని సెంటర్ బోల్టే. మొదటి లోడ్ల తర్వాత టార్క్ రెంచితో అన్నీ బిగించాలి. పైపు తగిలించి కాలితో తొక్కి బిగించడం వద్దు, నట్టు దారాలు పోతాయి. బరువు దగ్గరా ఒక మాట. 2018లో నా బండిలాంటి మూడు యాక్సిళ్ల బండికి అనుమతించే మొత్తం బరువును 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు. అది బండి బరువు కలిపిన అంకె. క్వారీ లోపల ఎవరూ తూచరని పైకి పోగేస్తే కట్టలకు ఆ సంగతి తెలుస్తుంది.

ఎయిర్ ఫిల్టర్‌ను రోజూ విప్పి గాలి కొట్టే అలవాటు మాన్పించాను. విప్పిన ప్రతిసారీ దుమ్ము లోపలికి పోతుంది, ఎక్కువ ఒత్తిడి గాలికి కాగితం చిరుగుతుంది. ఫిల్టర్ ఇండికేటర్ ఎర్రబడితేనే మార్చాలి. డ్రమ్ముల్లో తెచ్చే డీజిల్‌లో నీళ్ళు ఉంటాయి కాబట్టి వాటిని వేరుచేసే సెపరేటర్‌లో నీళ్ళు మాత్రం రోజూ వదలాలి.

బీఎస్6 బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తలనొప్పి నిజమే. లైన్లో ఐడిల్ ఎక్కువైతే మసి పేరుకుంటుంది. ఆ మసిని కాల్చేసే రీజెన్ లైటు వెలిగితే ట్రిప్పు పోతుందని డ్రైవర్లు స్విచ్చి నొక్కి ఆపేస్తారు. ఆపనివ్వకండి. ఎండుగడ్డి లేని చోట నిలిపి పూర్తి కానివ్వండి, సైలెన్సర్ అప్పుడు విపరీతంగా కాలుతుంది.

ఛాసిస్ కింద సెన్సార్ వైర్లను రాళ్ళు రెండుసార్లు కోసేశాయి. మళ్ళీ కొన్నా ఇదే మోడల్ కొంటాను. కాకపోతే క్వారీలోకి దింపకముందే ఆ వైర్లన్నిటికీ గట్టి పైపు తొడిగిస్తాను.