థింఫూలో ఎర్రబియ్యం, మిరపకాయ కూర

భూటాన్ రాజధాని థింఫూలో మొదటి రెండు రోజులూ బస చేసిన హోటల్లోనే భోజనం చేశాము. గదులు శుభ్రంగా, వెచ్చగా ఉన్నాయి కానీ భోజనం నిరాశపరచింది. పప్పు, పనీర్, నూడుల్స్ మధ్య భూటాన్ వంటకమని పెట్టిన ఎమా దాత్సీ అనే మిరపకాయ కూర, పర్యాటకుల కోసం కారం బాగా తగ్గించడంతో చప్పటి గంజిలా ఉంది. మనిషికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున, అక్కడి ప్రభుత్వం పర్యాటకుల నుంచి వసూలు చేసే సుస్థిరాభివృద్ధి రుసుము కట్టి వెళ్లిన దేశంలో ఆ దేశపు తిండి రుచే తెలియకుండా తిరిగి రావడానికి మనసొప్పక, జానపద వారసత్వ మ్యూజియం ఆవరణలోని భోజనశాలలో మూడో రోజు భోజనానికి ముందుగానే చెప్పి ఉంచమని గైడును కోరాను.

2001లో ఏర్పాటైన ఈ మ్యూజియం, పంతొమ్మిదో శతాబ్దపు మూడంతస్తుల మట్టిగోడల ఇల్లు. ముందు దాన్ని చూసి, తరువాతే భోజనానికి కూర్చోవడం మంచిది. కింద పశువుల కొట్టం, మధ్యలో ధాన్యపు గది, పైన పొయ్యి ఉన్న వంటిల్లు చూసి వచ్చాక, కంచంలోని ప్రతి పదార్థమూ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

మొదట సుజా ఇచ్చారు. ఉప్పు, వెన్న వేసి చిలికిన ఈ పానీయాన్ని టీ అనుకుంటే ఒక్క గుక్క కూడా దిగదు. వేడి చారు అనుకుంటే ఆ చలిలో ఎంతో హాయిగా ఉంటుంది. తరువాత వచ్చిన ఎర్రబియ్యపన్నం లేత గులాబీ రంగులో, దంపుడు బియ్యపు రుచితో, కాస్త జిగురుగా ఉంది.

అసలు విషయం ఎమా దాత్సీ. ఎమా అంటే మిరపకాయ, దాత్సీ అంటే జున్ను (చీజ్). వెన్న తీసిన మజ్జిగను కాచి, విరిగిన ముద్దను పిండి ఈ జున్ను చేస్తారు. నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు గింజలతో సహా మెత్తగా ఉడికి, తెల్లటి పులుసులో తేలుతున్నాయి. మనం కూరకు కారం కోసం మిరపకాయ వేస్తాము, వారికి మిరపకాయే కూర. మిరపకాయ బజ్జీ ఇష్టంగా తినే మనకు ఇది మరీ కొత్తేమీ కాదు, అయితే ఇక్కడ మంట మొదట తెలియదు. జున్ను కమ్మదనం తగ్గిన తరువాత మెల్లగా చెవుల దాకా పాకుతుంది. అంత కారం వద్దనుకునేవారికి బంగాళాదుంపల కేవా దాత్సీ, పుట్టగొడుగుల షాము దాత్సీ ఉన్నాయి, రెండూ బాగున్నాయి. కూరల్లో ఎండుమాంసం ముక్కలు వేసే అలవాటు అక్కడ ఉంది కనుక, శాకాహారులు ముందే స్పష్టంగా చెప్పాలి.

చిన్న హోటళ్లతో పోలిస్తే ధర ఎక్కువే, నేల మీద కూర్చోవడం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమే. అయినా ఆ వడ్డన ఆప్యాయత నాకు మరెక్కడా కనిపించలేదు. నాతో వచ్చిన మా అమ్మ చాలని కంచం మీద చేయి అడ్డుపెడితే, వడ్డించే అమ్మాయి నవ్వి మరో గరిటె వేసింది. భూటాన్‌లో చేతితో నోరు కప్పుకుని "మేషు మేషు" అంటూ వద్దనడం మర్యాదేనని, అలా అన్నా మళ్లీ వడ్డిస్తారని గైడు చెప్పాడు. రెండు రోజులుగా పెరుగన్నంతో సరిపెట్టుకున్న అమ్మ, ఆ పూట మారు అన్నం పెట్టించుకుని, ఎజే అనే మిరపకాయ పచ్చడితో కలుపుకుని తిన్నది.