నిలబడి మాట్లాడటమా, కూర్చుని చదవటమా?

సమావేశం తొందరగా ముగియాలంటే కుర్చీలు తీసేయమంటారు కొందరు. అందులో నిజముంది. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో కూర్చుని జరిపిన సమావేశాలు నిలబడి జరిపినవాటికన్నా 34 శాతం ఎక్కువసేపు సాగాయి, నిర్ణయాలు మాత్రం అంతకన్నా మెరుగ్గా ఏమీ రాలేదు. కాళ్లు పీకడం మొదలైతే ఉపన్యాసాలు వాటంతటవే తగ్గుతాయి. పాపం, మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం ఇది శిక్షే.

రెండోది అమెజాన్ దారి. 2004లో జెఫ్ బెజోస్ పై స్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ వద్దన్నారు. దాని స్థానంలో ఆరు పేజీలకు మించని నివేదిక వచ్చింది. అందరూ మొదట దాన్ని అక్కడే మౌనంగా చదవాలి. బయటినుంచి చూస్తే పరీక్ష హాలులా ఉంటుంది. కాగితం తిప్పిన చప్పుడు, ఎవరో ఒక అంకె కింద పెన్నుతో గీత గీయడం, అంతే. చర్చ మొదలయ్యాక తొలి ప్రశ్న ఆ గీత దగ్గరే పడుతుంది: "ఈ ఖర్చు రెండు చోట్ల ఎందుకు లెక్కలోకి వచ్చింది?" చదవకుండానే తలూపేవారికి ఇక్కడ చోటు లేదు.

రోజువారీ పనుల కబురుకైతే నిలబడటమే మేలు, పదిహేను నిమిషాలు చాలు. డబ్బు, మనుషులు ముడిపడిన నిర్ణయానికి మాత్రం నా ఓటు నివేదికకే. ఒక చిక్కుంది: గదిలో ఆదా అయిన గంటకు మూల్యాన్ని, నివేదిక రాసినవారు ముందే రెండు రాత్రులుగా చెల్లించి ఉంటారు.