నాట్ల ముఠాకు దామిని యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

విజయనగరం జిల్లాలో వరి నాట్లకు, కలుపుతీతకు ఆడకూలీల ముఠాను తీసుకెళ్లే మేస్త్రిని నేను. దామిని అంటే దగ్గర్లో పిడుగులు పడుతుంటే ఫోనులో హెచ్చరించే యాప్. కనుచూపు మేరలో పైకప్పు లేని మడిలో ఉన్నవారికి అది ఎంత పనికొస్తుందో మాత్రమే ఇక్కడ చెబుతాను.

దీన్ని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ తయారుచేసింది. డబ్బు కట్టనక్కర్లేదు. మెరుపు నుంచి వెలువడే రేడియో తరంగాలను దేశమంతటా అమర్చిన పరికరాలు పట్టుకుంటాయి. వాటిని బట్టి పిడుగు ఎక్కడ పడిందో లెక్కగడతారు. తెర మీద మనం నడుమ ఉంటాం, చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాలు ఉంటాయి, పిడుగు పడిన చోట చుక్క కనిపిస్తుంది.

ఆ 40లోనే దీని విలువంతా ఉంది. ఉరుము మహా అయితే పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి వినిపిస్తుంది. వినిపించిందంటే, నెత్తిన చినుకు లేకపోయినా ఆ మేఘం నుంచి పిడుగు మన మీద పడగలదు. చెవులను నమ్ముకుంటే ప్రమాదంలోకి వచ్చాకే తెలుస్తుంది. బయటి వలయంలో చుక్కలు కనిపించగానే కదిలితే గట్ల మీదుగా ఊళ్లోని బడికి చేరేంత వ్యవధి దొరుకుతుంది. మా ముఠాలో పెద్దవయసు వాళ్లున్నారు, బురదలో పరుగెత్తలేరు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అలాంటి రోజున ఆ కాస్త వ్యవధే ప్రాణం.

అయితే ఇంటర్నెట్, లొకేషన్ లేకపోతే యాప్ ఏమీ చేయలేదు. మా పల్లపు మడుల్లో సిగ్నల్ అందదు. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లు హెచ్చరికలను ఆపేస్తాయి, దాన్ని తీసేయండి. గట్టు మీద క్యారేజీ సంచిలో ఫోను మోగినా నాట్ల పాటలో ఎవరికీ వినపడదు. అందుకే మబ్బు పట్టిన రోజున ఫోను నా నడుముకే ఉంటుంది, మిట్ట గట్టు మీదికి వెళ్లి నేనే చూస్తుంటాను.

జాగ్రత్తలూ అందులోనే ఉన్నాయి, కానీ ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకోవాల్సింది మనమే. చెట్టు కిందికి వద్దు. దాని మీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పాకుతుంది. తాటాకు పాక, కరెంటు తీగలున్న మోటారు షెడ్డు, పక్కలు తెరిచి ఉండే ఆటో కూడా వద్దు. పక్కా ఇల్లు కావాలి, లేదంటే తలుపులు మూసిన కారో బస్సో. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. ఊపిరి ఆగితే వెంటనే గుండె మీద నొక్కుతూ 108కి ఫోను చేయించాలి.

నాకు జరిగిన పెద్ద మేలు మరొకటుంది. ఇదివరకు పని ఆపుదామంటే “మబ్బే లేదు కదమ్మా, ఈ మడి పూర్తిచేసి వెళ్లండి” అనేవారు రైతులు. ఇప్పుడు తెర చూపిస్తే చాలామంది వాళ్లే ముందు గట్టెక్కుతున్నారు. కూలి మాట్లాడుకునేటప్పుడే షరతు పెడుతున్నాను: బయటి వలయంలో చుక్కలు పడితే పని ఆపుతాం, ఆగిన గంటలకు కూలి కోయకూడదు. ఒప్పుకోని వారి పొలానికి ముఠాను తీసుకెళ్లడం మానేశాను.