పోచంపల్లిలో ఒక పూట, చీరల షాపులకు ముందు

పోచంపల్లి వెళ్లొచ్చామంటే అందరూ "చీర ఎంతకు తెచ్చావు?" అనే అడుగుతారు. మొదటిసారి నేనూ మెయిన్ రోడ్డు షాపుల్లోనే తిరిగి వచ్చేశాను. ఈసారి అమ్మను తీసుకుని పొద్దున్నే బయల్దేరాను. ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద కొంతదూరం పోయి ఎడమకు తిరగాలి. సొంత బండి అయితే హాయి.

ముందు వినోబా మందిరం చూశాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుచుకుంటూ ఈ ఊరికొచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగని రోజులు. దళితవాడలో మీకేం కావాలని అడిగితే, 80 ఎకరాలుంటే దున్నుకుని బతుకుతామన్నారు. ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అడగ్గానే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. "అడిగినదానికంటే ఇరవై ఎకరాలు ఎక్కువే ఇచ్చాడా!" అని అమ్మ అక్కడే కాసేపు నిలబడిపోయింది. చిన్న మందిరమే, కానీ వదిలేయకండి.

టూరిజం సెంటర్‌లోని మ్యూజియం త్వరగానే అయిపోతుంది. అసలు చూడాల్సింది నేతగాళ్ల వీధులు. తలుపు దగ్గర నిలబడి అడిగితే మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. ఫొటోలు మాత్రం అడిగే తీసుకోండి. ఆ ఇంట్లో పెద్దమ్మ ఆసు గురించి చెప్పింది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోయడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. "రాత్రయితే భుజం లేవకపోయేది బిడ్డా" అంది. తల్లి పడే ఈ కష్టం చూడలేకే ఆలేరు వైపు శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు పోశాక పోగులను రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగుల్లో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. నేయకముందే డిజైనంతా నూలులోనే ఉంటుందన్నమాట. దీన్నే ఇక్కడ చిటికి అంటారు.

రాత్రి ఉండాల్సిన పనిలేదు, ఒక పూట చాలు. భోజనం ఇంటి నుంచే తీసుకెళ్లండి. మేం తిన్న హోటల్లో అన్నం చల్లారిపోయి ఉంది, గంటసేపు కూర్చోబెట్టారు.

షాపుకు వెళ్తే చీరను తిరగేసి చూడండి. చిటికి అయితే రెండువైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు చీరకు వెనకవైపు రంగు వెలవెలబోతుంది.

మేం షాపులో ఏమీ కొనలేదు. పెద్దమ్మ ఇంట్లో మగ్గం మీదున్న నీలం చీర అమ్మకు నచ్చింది. ఇంకా మూడు రోజుల నేత ఉందట. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.