కోరంగి పాయల్లో చేపల సర్వేకి నరం (సన్న నైలాన్ దారం) విసురు వల ఎంత పనికొస్తుంది?

12 మి.మీ. కన్ను (వల రంధ్రం), 2 మీటర్ల వ్యాసార్ధం, అంచున సీసపు గుళ్లు. కోరంగి మడ అడవుల సన్న పాయలకు ఈ సైజు చాలు. ఇంతకన్నా పెద్దదైతే మడ చెట్ల ఊపిరి వేళ్లకు చిక్కి చిరుగుతుంది.

అసలు తిరకాసు కన్ను దగ్గరే. ఇక్కడ 12 అంటే ముడికీ ముడికీ మధ్య దూరం, సాగదీసి కొలిస్తే 24. ఏ కొలతో రిపోర్టులో రాయకపోతే రెండు సర్వేలను పోల్చలేం.

పూర్తిగా విచ్చుకుంటే సుమారు 12.5 చదరపు మీటర్లు కప్పుతుంది. వంకరగా పడిన విసురును లెక్కలోంచి తీసేయండి. సరిగ్గా పడి ఖాళీగా వచ్చినదాన్ని మాత్రం సున్నా అని రాయాల్సిందే. గుళ్లు తేలిక, అదే దీని పెద్ద లోపం. పాటు (సముద్రంలోకి వెనక్కి తీసే నీరు) జోరుగా లాగుతుంటే అంచు అడుగు తాకేలోపే చేపలు కిందనుంచి జారుకుంటాయి. పోటు, పాటు మారే నిలకడ నీటిలోనే వేయాలి.

జెల్లల ముళ్లు చిక్కుకుంటే లాగకండి. పక్కనున్న నరం ఒక్కటి కత్తిరించి, ఒడ్డుకొచ్చాక అల్లుకోండి.

బురద మీద గెంతే చేపలు దీనికి దొరకవు, వాటికి చేతి వల వేరే కావాలి. డీఎన్ఏ పరీక్ష ఉంటే ఫార్మలిన్‌లో వేయకముందే రెక్క ముక్క కోసి 95% ఆల్కహాల్‌లో పెట్టాలి.

అన్నట్టు, కోరంగి అభయారణ్యంలో వల విప్పాలంటే అటవీశాఖ అనుమతి ముందే చేతిలో ఉండాలి.